అడెయెమి: ఇంటిపేరుగా మారిన ఒక వాక్యం

పశ్చిమాఫ్రికాలోని యోరుబా జాతివాళ్ల పేర్లలో చాలావాటిని పదాలనడం కన్నా వాక్యాలనడమే సబబు. వాటిలో కర్త ఉంటుంది, క్రియ ఉంటుంది, ఒక్కోసారి కర్మ కూడా ఉంటుంది. అడెయెమి అలాంటి పేరే. ‘అడె’ అంటే కిరీటం, ‘యె’ అంటే తగడం, నప్పడం, ‘మి’ అంటే నాకు. మూడూ కలిస్తే ‘కిరీటం నాకు తగును’ అని అర్థం. నైజీరియా నైరుతి ప్రాంతంలో బిడ్డ పుట్టిన ఎనిమిదో రోజున తేనె, ఉప్పు, నీళ్లు, కోలా గింజలు ముందు పెట్టుకుని పెద్దలు పేరు పెడతారు. అలా ఒక బిడ్డకు పెట్టిన మాటే తరాలు గడిచేసరికి ఇంటిపేరైంది. ఇవాళ అది లండన్ బడుల హాజరు పట్టీల్లోనూ, జర్మన్ ఫుట్‌బాల్ జెర్సీల మీదా కనిపిస్తోంది. గత నూట యాభై ఏళ్లలో ఎన్నో యోరుబా పేర్లు మతం మారినప్పుడో, సముద్రం దాటినప్పుడో తునకలయ్యాయి, కొన్ని పూర్తిగా చెరిగిపోయాయి. అడెయెమి మాత్రం దాదాపు చెక్కుచెదరలేదు. దానికి కారణం ఆ పేరు అర్థంలోనే ఉంది.

యోరుబాలో మూడు స్వరస్థాయులున్నాయి: హెచ్చు, మధ్యమం, తగ్గు. అడెయెమిలో ‘డె’ హెచ్చు, ‘యె’ మధ్యమం, చివరి ‘మి’ మళ్లీ హెచ్చు. రాతలో ఆ ‘యె’ అచ్చు కింద ఒక చుక్క పెడతారు, అంటే నోరు కాస్త ఎక్కువ విప్పి పలకాలని గుర్తు. ఆ చుక్క తీసేసి స్వరం పెంచితే క్రియే మారిపోతుంది. అప్పుడు ‘యె’ అంటే అర్థం కావడం. దాంతోపాటు ‘మి’ కూడా హెచ్చు నుంచి మధ్యమానికి దిగుతుంది. హెచ్చు స్వరపు క్రియ తరువాత వచ్చే ‘మి’ని మధ్యమంలోనూ, మిగతా రెండు స్వరాల క్రియల తరువాత వచ్చే ‘మి’ని హెచ్చులోనూ పలకడం ఆ భాషలో నియమం. అంటే ‘నాకు తగింది’, ‘నాకు అర్థమైంది’ అనే రెండు మాటల మధ్య తేడా ఒక చుక్క, కాస్త రాగం. యోరుబా డప్పు డుండున్ మనుషుల పేర్లను వాయించి పిలవగలిగేది ఈ రాగం వల్లనే. పాస్‌పోర్టులో యంత్రం చదివే వరసలో పేరుకు ఎ నుంచి జెడ్ దాకా ఉన్న ఇరవై ఆరు అక్షరాలు తప్ప మరేవీ పట్టవు కాబట్టి చుక్క, స్వర గుర్తులు అక్కడ రాలిపోతాయి. కంప్యూటర్లలోనూ చిక్కు ఉంది. చుక్కతో ఉన్న ఆ అచ్చుకు యూనికోడ్‌లో సొంత సంఖ్య ఉంది గానీ, చుక్కా స్వర గుర్తూ రెండూ ఉన్న రూపానికి లేదు. రెండింటినీ విడివిడిగా చేర్చుకోవాలి. చాలామంది ఆ శ్రమ పడరు.

వాక్యంలోని ‘నేను’ ఎవరన్నది కూడా ఆలోచించదగ్గ సంగతి. ఒలుఫున్మిలాయో అంటే ‘దేవుడు నాకు ఆనందమిచ్చాడు’ అని అర్థం. అక్కడ మాట్లాడుతున్నది తల్లో తండ్రో అని తెలిసిపోతుంది. అడెయెమిలో మాట్లాడేది ఆ బిడ్డ కావచ్చు, బిడ్డ నోట మొత్తం వంశమే కావచ్చు. రెండో అర్థానికే బలమెక్కువ. యోరుబాలో పేరు బిడ్డ ఒక్కరి గురించే ఉండదు, ఇంటి పరిస్థితి అందులో ధ్వనిస్తుంది. ‘ఇంటివైపు చూసి బిడ్డకు పేరు పెట్టాలి’ అన్న అర్థంలో వాళ్ల సామెత కూడా ఉంది.

అందుకే పేరు మొదటి ముక్క వింటే ఆ ఇంటి వృత్తో అంతస్తో కొంతవరకు ఊహించవచ్చు. ‘అయాన్’తో మొదలైతే డప్పు వాయించే కుటుంబం. ‘ఒజె’ అయితే పూర్వీకుల ఆత్మలుగా ముసుగు వేసే ఎగున్‌గున్ సంప్రదాయం వాళ్లు. ‘ఒడె’ వేటగాళ్లకు, ‘అకిన్’ వీరులకు, ‘ఒయె’ పదవులున్న ఇళ్లకు చెందిన ముక్కలు. ‘ఓగున్’ ఇనుముకు అధిదేవత, కమ్మరులకూ వేటగాళ్లకూ యోధులకూ వేల్పు. ‘ఇఫా’ జోస్యం చెప్పే దైవవిద్య. ‘అడె’ రాచ ఇంటిది.

యోరుబా కిరీటం మామూలు అలంకారం కాదు. శంకువు ఆకారంలో ఉండి, నిండా రంగు పూసలు కుట్టి, ముఖం మీదికి పూసల జాలరు వేలాడుతుంటుంది. ప్రజలకు రాజు ముఖం కనపడకూడదు. పైన పూసలతో చేసిన పక్షులుంటాయి. కిరీటం లోపలికి రాజు తొంగిచూడకూడదని కట్టడి కూడా ఉంది. అన్నిటికీ మూలం ఇలే-ఇఫే నగరం. యోరుబా రాజుల మూలపురుషుడు ఒడుడువా అక్కడి నుంచే తన సంతానానికి కిరీటాలిచ్చి నలుదిక్కులకూ పంపాడని పురాగాథ. ఏ ఊరి రాజైనా పూసల కిరీటం పెట్టుకోవాలంటే తన మూలాన్ని ఇఫేతో ముడిపెట్టి చూపాలి. కాబట్టి ‘కిరీటం నాకు తగును’ అన్నది గొప్పలు పోవడం కాదు, దావా వేయడం. ఒకే ఊళ్లో రెండు మూడు రాచ శాఖలు వంతులవారీగా సింహాసనమెక్కే పద్ధతి చాలాచోట్ల ఉంది. వంతు రాని శాఖలో పుట్టిన మగబిడ్డకు ఈ పేరు పెట్టడంలో ఎంత పంతముందో తేలిగ్గానే ఊహించవచ్చు.

ఈ పేరు పెట్టుకున్న వాళ్లలో అందరికన్నా ప్రసిద్ధులు ఓయో రాజులు. ఓయో రాజు బిరుదు అలాఫిన్. మొదటి అడెయెమి 1876లో గద్దెనెక్కి 1905 దాకా ఉన్నాడు. అప్పటికే పాత ఓయో సామ్రాజ్యం కూలి, పాత రాజధాని పాడుబడి, దక్షిణాన కొత్త ఓయో వెలిసి నాలుగు దశాబ్దాలవుతోంది. ఆయన గద్దెనెక్కిన మరుసటి ఏడే ఇబాడాన్ సేనలకూ ఎకిటి కూటమికీ కిరిజి యుద్ధం మొదలైంది. 1886 ఒప్పందం తరువాత కూడా సేనలు పూర్తిగా విరమించడానికి ఏళ్లు పట్టింది. 1888లో ఆయన బ్రిటిష్ వాళ్లతో ఒప్పందం మీద సంతకం చేశాడు. అయినా 1895లో బ్రిటిష్ అధికారి కెప్టెన్ బోవర్ ఓయో మీద ఫిరంగులు పేల్చాడు. కిరీటం తలమీదే ఉంది, అధికారం మాత్రం చేజారింది.

రెండో అడెయెమి సొంత పేరు అడెనిరాన్. 1945లో అలాఫిన్ అయ్యాడు, 1950లలో పశ్చిమ ప్రాంత ప్రభుత్వాన్ని నడుపుతున్న పార్టీతో పొసగక పదవినీ ఊరినీ వదిలిపోవాల్సి వచ్చింది. ఆయన కొడుకు లమిడి ఒలాయివోలా 1970లో అలాఫిన్‌గా ఎంపికై, మూడో అడెయెమిగా 2022 ఏప్రిల్‌లో చనిపోయేదాకా యాభై ఏళ్లకు పైగా కొనసాగాడు. ఇక్కడొక విశేషం ఉంది. ఐరోపా రాజులకు సంఖ్యలు వేసేది సొంత పేరు మీద. ఓయోలో ఆ సంఖ్య ఇంటిపేరు మీద పడింది. అడెనిరాన్ రెండో అడెయెమి అయ్యాడు, లమిడి మూడో అడెయెమి అయ్యాడు. ఒకప్పుడు ఒక్క మనిషికి పెట్టిన పేరు శాఖ పేరుగా ఎలా గట్టిపడిందో చూపడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ దొరకదు.

అయితే అడెయెమిలందరూ ఓయో రాజవంశీకులేననుకుంటే పొరపాటు. తెలుగువాళ్లకు ఈ పొరపాటు మరీ సులువుగా జరుగుతుంది. మన ఇంటిపేర్లలో ఎక్కువ భాగం ఊరి పేర్ల నుంచి వచ్చినవి. ఒకే ఇంటిపేరు, ఒకే గోత్రం అంటే ఎక్కడో ఒకచోట చుట్టరికం ఉందనుకుంటాం. యోరుబా ఇంటిపేరు అలాంటిది కాదు, ఏదో ఒక తరంలో తండ్రి లేక తాత సొంత పేరు అక్కడే గడ్డకట్టి నిలిచినది. అంతకుముందు మనిషిని పోల్చుకోవడానికి సొంత పేరు, ముద్దుపేరులాంటి ఒరికి, ఉమ్మడి లోగిలి పేరు సరిపోయేవి. వంశాన్ని చెప్పేది ఒరికి ఒరిలె. అది ఏనుగు, స్తంభం, నెమలిలాంటి ఒకిన్ పక్షి వంటి గుర్తుల చుట్టూ అల్లిన ప్రశంసా గీతం. మన గోత్రానికి దగ్గరగా వచ్చేది అదే గానీ ఇంటిపేరు కాదు.

1840ల నుంచి బడగ్రీలో, అబెయోకుటాలో క్రైస్తవ మిషన్లు బడులు తెరిచాయి. బాప్తిస్మం పుస్తకంలో రెండు గళ్లుండేవి, ఒకటి సొంత పేరుకు, ఒకటి ఇంటిపేరుకు. తరువాత కోర్టులు, రైల్వే, జీతాల చిట్టాలు కూడా అవే గళ్లు తెచ్చాయి. రెండో గడిలో ఏం రాయాలో తోచక కొందరు తండ్రి పేరు, కొందరు తాత పేరు, కొందరు ఇంగ్లిష్ పేరే రాసేశారు. ఒకే తండ్రి కొడుకుల్లో ఇద్దరు వేరువేరు ఇంటిపేర్లతో మిగలడమూ జరిగింది. అలా ఒక్కో ఊళ్లో ఒక్కో అడెయెమి వేరుగా పుట్టాడు. ఒండోలో పేరు తెచ్చుకున్న ఆంగ్లికన్ మతాచార్యుడు, విద్యావేత్త ఎం.సి. అడెయెమి ఒకరు. ఒండోలోని అడెయెమి విద్యా కళాశాలకు (ఇప్పుడది విశ్వవిద్యాలయం) ఆయన పేరే పెట్టారు. ఈశాన్యాన కోగి రాష్ట్రంలో ఒకున్ యోరుబాల నుంచి సెనేటరైన స్మార్ట్ అడెయెమి మరో కొస.

సొంత పేర్లే ఇంటిపేర్లయ్యాయి గనుక, ఇంటిపేర్లలో పుట్టుక కథలు కూడా మిగిలిపోయాయి. అజయి అంటే బోర్లా పుట్టిన బిడ్డ, ఐనా అంటే బొడ్డుతాడు మెడకు చుట్టుకుని పుట్టిన బిడ్డ, ఇగె అంటే కాళ్లు ముందుగా వచ్చిన బిడ్డ. కవలల్లో ముందు వచ్చినవాడు టైవో, ‘లోకాన్ని రుచి చూసేవాడు’. వెనక వచ్చిన కెహిండె పెద్దవాడు, తమ్ముణ్ని ముందు పంపింది ఆయనే అంటారు. పుట్టి పుట్టి చనిపోయే బిడ్డను అబికు అంటారు. అలాంటి బిడ్డ నిలవాలని పెట్టే పేర్లు కడుపు తరుక్కుపోయేలా ఉంటాయి: మాలోమొ (‘ఇక వెళ్లకు’), డురోజయె (‘ఆగి బతుకును అనుభవించు’), కొసోకో (‘గొయ్యి తవ్వడానికి పార లేదు’), అకిసతాన్ (‘చుట్టి పూడ్చడానికి గుడ్డలు అయిపోయాయి’). 1845 నుంచి 1851 దాకా లాగోస్‌ను ఏలిన రాజు పేరు కొసోకో. పిల్లలు దక్కని ఇళ్లలో పెంటకుప్ప మీద వేసి తీసి పెంటయ్య అనీ, ఎంగిలి విస్తరాకుల మీద దొర్లించి పుల్లయ్య అనీ పేరు పెట్టిన తెలుగు పల్లెలకు ఈ భయం కొత్తది కాదు. మృత్యువు కంట పడకుండా బిడ్డను మనం చులకన చేసి దాచాం, యోరుబాలు బిడ్డతోనే నేరుగా మాట్లాడి బతిమాలారు.

పేర్లకు అసలు గండం మతం మార్పిడితో వచ్చింది. దేవతల పేరున్న ముక్కలు చర్చికీ మసీదుకూ గిట్టలేదు. బైబిలు యోరుబా అనువాదంలో సైతానుకు ఎషు అనే దేవత పేరు వాడటంతో ఎషుబియి (‘ఎషు కన్న బిడ్డ’) అన్న ఇంటిపేరు ఉన్నవాళ్లకు తలెత్తుకోలేని పరిస్థితి వచ్చింది. ఎషు కూడళ్లకూ సందేశాలకూ అధిపతి, సైతాను కాడు. ఒక్క అనువాద నిర్ణయం ఎన్నో కుటుంబాల పేర్లను దోషాలుగా మార్చేసింది, ఇది నిజంగా అన్యాయమే. ఎషుబియి ఒలుబియి అయింది, జెసుబియి అయింది. ‘ఓగున్’, ‘ఇఫా’ ఉన్న పేర్లలోనూ ఆ ముక్క తీసి ‘ఒలు’ (ప్రభువు) లేదా ‘జెసు’ (యేసు) చేర్చుకున్నవాళ్లున్నారు. 20వ శతాబ్దం చివర పెంతెకొస్తు సంఘాలు బలపడ్డాక ఈ మార్పిడి మరింత జోరందుకుంది.

అడెయెమిలో తీయాల్సిందేమీ లేదు. కిరీటం దేవత కాదు. కిరీటం ధరించే క్రతువుల్లో దేవతలు నిండుగా ఉన్నా, పేరులో వాళ్ల ఊసు రాదు. అలాఫిన్ లమిడి అడెయెమి ముస్లిం, ఒండో అడెయెమి క్రైస్తవ మతాచార్యుడు, మొదటి అడెయెమి ఒరిషాలనే యోరుబా దేవతలను కొలిచే లోకంలో పుట్టినవాడు. ముగ్గురికీ ఒకే పేరు ఇబ్బంది లేకుండా సరిపోయింది. పైగా కిరీటమన్నది యోరుబాలకే సొంతమైన గౌరవం కనుక, జాతీయ భావం పెరిగిన రోజుల్లో ఇంగ్లిష్ పేర్లు వదిలేసినవాళ్లు కూడా దీన్ని వదులుకోవాల్సిన పని పడలేదు. ఆ రోజుల్లోనే 1894లో బాప్టిస్టు మతాచార్యుడు డేవిడ్ బ్రౌన్ విన్సెంట్ తన పేరును మొజోలా అగ్బెబి అని మార్చుకున్నాడు. 1970లలో గాయకుడు ఫెలా తన ఇంటిపేరులోని ‘రాన్సమ్’ తీసేసి అనికులాపో (‘మృత్యువును సంచిలో పెట్టుకున్నవాడు’) చేర్చుకున్నాడు. అడెయెమిలకు తొలగించడానికీ చేర్చడానికీ కారణం రాలేదు. ఆ పేరు మిగలడంలో పుణ్యమంతా దాని అర్థానిదే.

ఇక ఆ పేరు ఇవాళ ఎక్కడెక్కడ ఉందన్నది. నైజీరియాలో లాగోస్, ఓగున్, ఓయో, ఓసున్, ఒండో, ఎకిటి రాష్ట్రాలు దాని సొంత నేల. క్వారా, కోగిల్లోని యోరుబా ప్రాంతాలు వాటికి ఆనుకుని ఉన్నాయి. వ్యాపారం కోసం, రైల్వే కొలువుల కోసం వెళ్లిన కుటుంబాల వల్ల ఉత్తరాన కానో, కడూనా, జోస్ నగరాల్లోనూ యోరుబా ఇంటిపేర్లు పాతుకున్నాయి. పశ్చిమాన బెనిన్ దేశంలో కెటు, సబె యోరుబాల సీమలు. అక్కడ ఫ్రెంచి పాలన వల్ల రాత మారింది. అజయిని రాసేటప్పుడు ‘జె’ ముందు ‘డి’ చేరుస్తారు, అడెయెమిలో అచ్చుల మీద ఫ్రెంచి గుర్తులు పెడతారు. ఘనాలో ఒకప్పుడు యోరుబా వర్తకులు ఊరూరా ఉండేవాళ్లు. 1969 నవంబరులో బుసియా ప్రభుత్వం అనుమతి పత్రాలు లేని విదేశీయులు రెండు వారాల్లో దేశం విడిచిపోవాలని ఆదేశించడంతో వేలాది కుటుంబాలు మూటలు కట్టుకుని నైజీరియాకు తిరిగొచ్చాయి. ఆ ఆదేశమే లేకపోతే ఘనా ఓటర్ల జాబితాలో ఈ పేర్లు ఇంకెన్ని ఉండేవో.

అట్లాంటిక్ అవతలే అసలు కథ ఉంది. బ్రెజిల్‌లోని బహియాకు, క్యూబాకు లక్షల మంది ఆఫ్రికన్లను బానిసలుగా తరలించారు. 19వ శతాబ్దం మొదట్లో, ఓయో కూలుతున్న రోజుల్లో, వాళ్లలో యోరుబాల వాటా బాగా పెరిగింది. యోరుబా దేవతలు, పాటలు, వంటకాలు ఇవాళ్టికీ అక్కడ సజీవంగా ఉన్నాయి. అయినా ఆనాడు వెళ్లిన వాళ్ల వారసుల్లో అడెయెమి ఇంటిపేరు కనిపించదు. ఓడ దిగకముందో దిగిన వెంటనేనో బాప్తిస్మమిచ్చి పోర్చుగీసు, స్పానిష్ పేర్లు తగిలించారు. డ సిల్వా, డొస్ శాంటోస్ అయ్యారు. 1835లో సాల్వడోర్ నగరంలో తిరగబడ్డ యోరుబా ముస్లింల నాయకుల్లో ఒకరు కోర్టు కాగితాల్లో పసిఫికో లికుటాన్‌గా నమోదయ్యాడు. ముందు ముక్క యజమానులిచ్చింది, వెనక ముక్క తనది.

అయితే పేరు పెట్టే పద్ధతి మాత్రం గుడి లోపల బతికింది. యోరుబా దేవతలను కొలిచే బ్రెజిల్ మతం కాండొంబ్లెలో దీక్ష తీసుకున్నవాళ్లకు కొత్త పేరొస్తుంది, దాన్ని అక్కడ ‘ఒరుకో’ అంటారు. యోరుబాలో పేరు అన్న మాటే అది. 1910లో సాల్వడోర్‌లో ఒపొ అఫొంజా ఆలయాన్ని స్థాపించిన మాయి అనిన్యా ప్రభుత్వ కాగితాల్లో ఎవుజెనియా అనా డొస్ శాంటోస్, దీక్షలో ఒబా బియి. అదే ఆలయానికి తరువాత నాయకత్వం వహించిన మాయి స్టెల్లా దీక్షానామం ఒడె కయోడె, ‘వేటగాడు ఆనందం తెచ్చాడు’. అవి అచ్చంగా యోరుబా వాక్యాలే. వాటిని ఏ రిజిస్టరూ రాసుకోలేదు గనుక ఇంటిపేర్ల పటాల్లోకి రావు. బహియా నుంచి లాగోస్‌కు తిరిగొచ్చిన కుటుంబాలు డ రోషా, పెరేరా, డ సిల్వా పేర్లను వెంట తెచ్చాయి. అందుకే లాగోస్ దీవిలో యోరుబా మాత్రమే మాట్లాడే పోర్చుగీసు ఇంటిపేర్లవాళ్లు కనిపిస్తారు.

కాబట్టి ఇవాళ పడమటి దేశాల్లో అడెయెమి పేరు ఎక్కడ కనిపించినా అది బానిస ఓడల్లో వెళ్లింది కాదు, చదువు కోసం, ఉద్యోగం కోసం టిక్కెట్టు కొనుక్కుని వెళ్లింది. 1925లో లాడిపో సొలాంకె లండన్‌లో పశ్చిమాఫ్రికా విద్యార్థుల సంఘం పెట్టేనాటికే ఆ రాకపోకలున్నాయి. 1965 వలస చట్టంతో అమెరికా తలుపులు తెరుచుకున్నాయి. 1986లో నైజీరియా ఆర్థిక సంస్కరణల పేరుతో కరెన్సీ విలువ పడిపోయాక డాక్టర్లూ ఇంజినీర్లూ పెద్ద ఎత్తున కదిలారు. 2021 జనగణన నాటికి ఇంగ్లండ్, వేల్స్‌లో నైజీరియాలో పుట్టినవాళ్లు సుమారు 2,70,000 మంది. లండన్‌లో పెకమ్ ప్రాంతం వాళ్ల అడ్డా. అమెరికాలో హ్యూస్టన్, వాషింగ్టన్ పక్కన మేరీలాండ్ వాళ్లు చేరిన ముఖ్యమైన చోట్లు. నవలా రచయిత్రి టోమి అడెయెమి అమెరికాలో పుట్టింది. ఫుట్‌బాలర్ కరీమ్ అడెయెమి 2002లో మ్యూనిక్‌లో నైజీరియన్ తండ్రికి, రొమేనియన్ తల్లికి పుట్టి జర్మనీ జట్టుకు ఆడాడు. ముస్లిం సొంత పేరు, యోరుబా ఇంటిపేరు, జర్మన్ జెర్సీ.

ఇంటర్నెట్‌లో ఏ దేశంలో ఎందరు అడెయెమిలున్నారో చెప్పే పట్టికలను కాస్త జాగ్రత్తగా చూడాలి. నైజీరియాలో ఆఖరి జనగణన 2006లో జరిగింది. ఆ పట్టికలు ఓటరు జాబితాలు, ఫోను పుస్తకాల వంటి వాటి నుంచి లెక్కగట్టిన అంచనాలు. పైగా చాలామంది యోరుబాలకు అడెయెమి ఇంటిపేరు కాదు, సొంత పేరు. పత్రాల్లో ముందు వెనకలు తారుమారైతే ఎటు లెక్కపెట్టాలో తెలియదు. ఇంటిపేరు ముందు రాసుకుని, అమెరికా వెళ్లాక దాన్ని చివరికి మార్చుకోవాల్సి వచ్చిన తెలుగువాళ్లకు ఈ తంటా బాగా తెలుసు.

అన్ని ‘అడె’ పేర్లకూ అడెయెమికున్నంత అదృష్టం పట్టలేదు. అడెటోకున్‌బొ అంటే ‘కిరీటం సముద్రం దాటి తిరిగొచ్చింది’. విదేశంలో పుట్టిన లేక విదేశం నుంచి తిరిగొచ్చినప్పటి బిడ్డ పేరు. ఆ ఇంటిపేరుతో లాగోస్ నుంచి ఏథెన్స్ చేరిన దంపతులకు 1994లో పుట్టిన కొడుకు బాస్కెట్‌బాల్ ఆటగాడు యానిస్. గ్రీకులో ‘డ’ శబ్దానికి ‘న్’, ‘ట్’ రెండక్షరాలు, ‘బ’కు ‘మ్’, ‘ప్’ రెండక్షరాలు కలిపి రాయాలి. 2013లో గ్రీకు పౌరసత్వం వచ్చాక ఆ గ్రీకు రాతను అక్షరం అక్షరం మళ్లీ ఇంగ్లిష్ లిపిలోకి దించేసరికి అది అంటెటోకూన్‌మ్‌పో అయి కూర్చుంది. అందులో కిరీటాన్ని ఏ యోరుబా చెవీ తొలి వినికిడికి పోల్చుకోలేదు. అడెయెమిని గ్రీకులో రాసినా ఆ ‘డ’ దగ్గర ఇదే గతి పట్టేది. బ్రిటన్‌లో, అమెరికాలో, జర్మనీలో లిపి మారలేదు గనుక గట్టెక్కింది. అక్కడ పోయినవి ‘యె’ కింది చుక్క, రాగం. అవి లాగోస్ పాస్‌పోర్టు కార్యాలయంలోనే పోయాయి.